బుష్‌లు మార్చిన సోమవారం

ఉస్మాన్‌గంజ్ దగ్గర రోడ్డు లారీలు తొక్కి తొక్కి గుంతలు పడిపోయింది. ఆ గుంతల్లో చక్రం దిగిన ప్రతిసారీ ఈశ్వరయ్యకు రెండు చప్పుళ్లు వినిపించేవి. ఒకటి కారు అడుగునుంచి, ఇనుము మీద ఇనుము కొట్టినట్టు ‘టక్’మని. దాని వెనకే రెండోది, వెనక సీటులోంచి, అక్క గొంతులోంచి. “ఓ అవ్వా” అని మూలిగేది ఆమె.

అక్క పేరు నాగమణమ్మ. యాభై ఆరేళ్ల మనిషి. రెండేళ్ల కింద రొమ్ములో గడ్డ తీశారు. పోయిందనుకున్న జబ్బు ఇప్పుడు నడుము ఎముకల్లో తేలింది. పెద్ద దవాఖానలో అయిదు వారాలు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలన్నారు. శని, ఆదివారాలు తప్ప రోజూ కార్వాన్‌లోని ఇంటి నుంచి జుమ్మెరాత్ బజార్, ఉస్మాన్‌గంజ్ మీదుగా పోవాలి, మళ్లీ అదే దారిన రావాలి. వెనక సీటు మీద బొంత పరిచి ఆమెను పడుకోబెట్టేవారు. తల లలితమ్మ ఒడిలో ఉండేది. లలితమ్మ ఈశ్వరయ్య భార్య. ఈశ్వరయ్య బస్సుల వర్క్‌షాపులో మెకానిక్. పొద్దున ఖాళీగా ఉండాలని అడిగి మధ్యాహ్నం షిఫ్టు వేయించుకున్నాడు.

మొదటి వారం శుక్రవారం, అక్కను మంచం మీద పడుకోబెట్టాక, అతను భార్యను వంటింట్లోకి పిలిచాడు.

“టక్కుమన్నప్పుడే అక్క మూలుగుతున్నది. చూసినవా?”

“చూసిన. రోడ్డు గట్లున్నది మరి.”

“రోడ్డు కాదే. తప్పు బండిది. కింద బుష్‌లు పోయినయ్. ఊరి బస్సులన్నీ నేనే బాగుచేస్త, నా ఇంటి బండి కింద ఏమైతున్నదో చూసుకోకపోతి.”

లలితమ్మ ఏదో అనబోయి ఆగింది. అయిదు రోజులుగా ఆడపడుచు తల ఒడిలో పెట్టుకుని కూర్చుంటున్నది ఆమె. కానీ ఎన్నో రోజుల తరవాత మొగుడి ముఖం కాస్త తేటపడటం చూసి, “అయితే మార్చు” అంది.

ఈశ్వరయ్యకు నిజంగానే ప్రాణం లేచొచ్చింది. జబ్బు సంగతి తెలిసిన నాటి నుంచి అతనికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. డాక్టర్లు చెప్పే మాటలు సగం అర్థమయ్యేవి కావు. ఫిల్ము వెలుతురుకు పెట్టి చూపిస్తే తెల్లటి మచ్చలు కనిపించేవి, అంతే. ఇప్పుడు అక్క నొప్పికి కారణం ఒకటి తనకు తెలిసిన చోట దొరికింది. ఆ చోటికి అతని పానా అందుతుంది.

అతనికి నాలుగేళ్లప్పుడు తల్లి పోయింది. తండ్రి అంతకు ముందే పోయాడు. పద్దెనిమిదేళ్లకే మొగుణ్ని పోగొట్టుకుని అక్క పుట్టింటికి వచ్చి, నాలుగు బర్రెలను, ఒక తమ్ముణ్ని చేతికి తీసుకుంది. తెల్లవారుజామునే పాలు పిండి, తల మీద ఒక క్యాను, చంకలో ఒక క్యాను పెట్టుకుని అఫ్జల్‌గంజ్ హోటళ్ల దాకా నడిచేది. తమ్ముడు బడిలో నిలవకపోతే తానే చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఖాదర్ ఉస్తాద్ మెకానిక్ షెడ్డులో వదిలింది. “కొట్టినా పర్వాలేదు ఉస్తాద్, పని మాత్రం నేర్పాలె” అంది. ఉస్తాద్ కొట్టలేదు, పని నేర్పాడు.

కారు మాట వేరే. ఒక సర్కారు ఆఫీసు వేలం వేసిన పాత అంబాసిడర్ అది. తలుపులు తప్ప అన్నీ పాడైన బండిని ఈశ్వరయ్య లాగించుకొచ్చి, సెలవు రోజుల్లో మూడేళ్లు కూర్చుని నడిచేట్టు చేశాడు. అప్పటికి అక్క బర్రెలను అమ్మేసింది. ఖాళీ అయిన కొట్టంలోనే కారు పెట్టుకున్నారు. ఆ గల్లీలో కారున్న ఇల్లు అదొక్కటే. మొదటిసారి స్టార్టు చేసిన రోజు అక్క ముందు సీటులో కూర్చుని, అద్దం దించి, గల్లీ చివరి దాకా ఇంటింటి వాళ్లనూ పేరు పెట్టి పలకరించింది.

శనివారం పొద్దున జాకీ ఎత్తి, దుంగలు పెట్టి, అతను కారు కిందికి దూరాడు. చక్రాన్ని మోసే ఇనుప చేతులు కారు చట్రానికి అతికే చోట, వెనక కమాను పట్టీల కొసల దగ్గర, ఇనుముకూ ఇనుముకూ మధ్య రబ్బరు ఉంటుంది. దాన్నే బుష్ అంటారు. గుంతలో పడ్డ దెబ్బను అది మింగి, లోపల కూర్చున్న వాళ్ల దాకా రానివ్వదు. గడ్డపార మొన పెట్టి మెల్లగా ఎత్తి చూశాడు. ముందు చక్రం ఇనుప చెయ్యి వేలి మందం కదిలింది. రబ్బరు ఎండిన రేగుపండులా పగుళ్లు బారింది. వెనక కమాను దగ్గర ఒక పక్క రబ్బరే లేదు, పొడి అయి రాలిపోయింది. బోల్టు ఇనుము మీద నేరుగా అరిగి తళతళలాడుతున్నది.

కిందే పడుకుని చాలాసేపు ఆ మెరుపునే చూశాడు. ఇన్ని రోజులు అక్క నడుము మీద పడ్డ దెబ్బలన్నీ ఇక్కడినుంచే అనుకున్నాడు.

ఆ మధ్యాహ్నం అఫ్జల్‌గంజ్‌లో విశ్వేశ్వర్ దుకాణానికి పోయాడు. విడి భాగాలు అమ్మే విశ్వేశ్వర్ అతనికి ఇరవై ఏళ్ల నుంచి ఎరుక.

“ముందు బుష్‌లు కంపెనీవి ఉన్నయ్ అన్నా. వెనక కమానుకు మాత్రం లోకల్ మాలే ఉన్నది. నువ్వు పెట్టే మనిషివి కావు, నాకు ఎరుకే.”

“అసలుది ఎప్పుడొస్తది?”

“సోమవారం సికింద్రాబాద్ నుంచి తెప్పిస్త. అంత అర్జెంట్ ఏంది?”

“అక్కను దవాఖానకు తీస్కపోవాలె. సోమవారం పొద్దున్నే బండి కావాలె.”

విశ్వేశ్వర్ ఇంకేమీ అడగకుండా లోకల్ బుష్‌లు కూడా కాగితంలో చుట్టి ఇచ్చాడు. “కుదిరితే పెట్టు. లేదంటే సోమవారం రా” అన్నాడు.

ఆదివారం ఎండ పొడవగానే పని మొదలయింది. చలికాలం కావడంతో ఎండ హాయిగా ఉంది. మంచం వాకిట్లో వేయమని నాగమణమ్మే అడిగింది. లలితమ్మ, పక్కింటి పాల సాయిలు చెరో పక్క పట్టుకుని మంచంతో పాటే ఆమెను తెచ్చి, కొట్టానికి ఎదురుగా ఎండలో పెట్టారు.

“ఏం చేస్తున్నవ్ తమ్మీ?”

“బండికి కాళ్లు నొస్తున్నయక్కా. మందు పెడుతున్న.”

“నాకన్న నయం. దానికి ఇంట్లనే డాక్టరున్నడు” అని నవ్వింది ఆమె.

చక్రాలు విప్పాడు. బిగువు వదిలించి, తుప్పు పట్టిన నట్లకు కిరసనాయిలు పోసి నానబెట్టి, ఒక్కొక్కటే ఊడదీశాడు. పాత రబ్బరును కత్తితో చీల్చి పీకాడు. గూళ్లను ఇసుక కాగితంతో రుద్ది, గుడ్డతో తుడిచి, కొత్త బుష్‌లకు సబ్బు నీళ్లు రాసి నొక్కాడు. నూనె రాస్తే తేలిగ్గా దిగుతుంది కానీ రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. అది ఉస్తాద్ చెప్పిన మొదటి పాఠం. మధ్యాహ్నానికి ముందు రెండు పక్కలూ అయిపోయాయి. సాయంత్రం వెనక కమాను దగ్గర లోకల్ బుష్ పెట్టి నట్టు బిగిస్తుంటే రబ్బరు మెత్తటి అరటిపండులా పక్కకు జారి చీలిపోయింది. రెండోది పెట్టాడు. అదీ చీలింది.

పానా నేలకేసి కొట్టాడు. ఆదివారం దుకాణాలు లేవు. కమాను విప్పిన బండి కదలదు. పొద్దున తొమ్మిదింటికి అక్కకు కరెంటు.

“ఆటోల పోదాం” అంది లలితమ్మ.

“ఆటోల పడుకోబెట్టేది ఎట్ల? కూసోబెడితే సగం దారిలనే ప్రాణం పోతది.”

మంచం మీంచి నాగమణమ్మ పిలిచింది. “ఒక్క రోజుకు ఏం కాదు తమ్మీ. రేపు పోవద్దు. గట్లనే విప్పి ఉండనియ్యి.”

సోమవారం పొద్దున అతను దవాఖానకు సైకిల్ మీద పోయి, ఈ రోజు రాలేమని చెప్పి వచ్చాడు. అక్కడి గుమాస్తా రిజిస్టరులో అడ్డగీత గీశాడు. ఆ గీత ఈశ్వరయ్య గుండెలో పడింది. కోర్సులో ఒక రోజు తప్పితే ఏమవుతుందో ఎవరిని అడగాలో తెలియలేదు. అక్కడినుంచి విశ్వేశ్వర్ దుకాణానికి పోయి పదకొండింటి దాకా కూర్చుంటే సికింద్రాబాద్ నుంచి అసలు బుష్‌లు వచ్చాయి. డ్యూటీకి సెలవు చెప్పేసి ఇంటికి వచ్చి మళ్లీ కారు కిందికి దూరాడు.

నాగమణమ్మ మంచం అప్పటికే ఎండలో ఉంది. లలితమ్మ తల దువ్వి జడ వేసింది. జొన్న గటుకలో మజ్జిగ కలిపి ఇస్తే గిన్నెడూ తాగింది. చాలా రోజులకు గిన్నె ఖాళీ చేసింది.

“గదేంది తమ్మీ, గట్ల తళతళ మెరుస్తున్నది?”

“షాకిల్ బోల్టు అక్కా. అరిగి పోయింది. దీన్ని గూడ మారుస్తున్న.”

“నట్టు ఎందుకు గంత వదులుగ పెట్టినవ్?”

ఈశ్వరయ్యకు ఆశ్చర్యం వేసింది. వర్క్‌షాపులో కొత్తగా చేరిన వాళ్లు కూడా అడగని ప్రశ్న అది. “చక్రం గాల్ల వేలాడుతున్నప్పుడు గట్టిగ బిగిస్తే, బండి నేల మీదికి దిగినంక రబ్బరు మెలిపడుతదక్కా. ఎప్పుడూ గా మెలికలనే ఉండి తొందరగ చినుగుతది. ముందు బండిని దించాలె, బరువు పడాలె. గప్పుడు బిగించాలె.”

“గట్లనా” అని ఆమె తల ఆడించింది.

సాయంత్రానికి చక్రాలు ఎక్కించి బండిని నేలకు దించాడు. ఇక ఆఖరి బిగింపు మిగిలింది. మామూలుగా అయితే ఖాళీ బండికే బిగించేవాడు. ఈసారి అతనికి తృప్తి కలగలేదు. రోజూ వెనక సీటు మీద ఎంత బరువు ఉంటుందో అంత బరువు పెట్టే బిగించాలనుకున్నాడు. లలితమ్మను ఎక్కి కూర్చోమన్నాడు.

“నన్నుగూడ ఎక్కించు” అంది అక్క.

“వద్దక్కా, లేపితే నొస్తది. నీ అంత బరువు ఇంకేదన్న పెడత.”

దవాఖాన చీటీ తీసి చూశాడు. బరువు ముప్పై ఆరు కిలోలని రాసి ఉంది. సాయిలు తన ఇంట్లోంచి తవుడు బస్తా ఒకటి భుజం మీద వేసుకుని వచ్చాడు. అది నలభై కిలోలు. ఈశ్వరయ్య దాని మూతి విప్పి, డబ్బాతో నాలుగు కిలోల తవుడు తీసి పక్కన పోశాడు. మిగిలిన బస్తాను రెండు చేతులతో ఎత్తి వెనక సీటు మీదికి చేర్చాడు. తేలిగ్గా లేచింది. అంత తేలిగ్గా లేచేసరికి అతను బస్తా మీద చెయ్యి అట్లాగే ఉంచి నిలబడిపోయాడు. రెండు క్యాన్ల పాలు మోసుకుంటూ, ఏడుస్తున్న తనకు చెంగు పట్టించి లాక్కుపోయిన మనిషి ఇంతే అయిపోయిందా అనుకున్నాడు. సీటులో కూర్చున్న లలితమ్మ అతని ముఖం చూసి తల తిప్పుకుంది.

ఆ తరవాత కిందికి దూరి నట్లన్నీ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించాడు.

మంగళవారం పొద్దున కారు గల్లీ దాటింది. జుమ్మెరాత్ బజార్ రాళ్ల మీద, నీళ్లలో పడవలా పోయింది. ఉస్మాన్‌గంజ్ గుంతలు వచ్చాయి. ఈశ్వరయ్య గేరు తగ్గించాడు. చక్రం దిగింది, లేచింది. టక్ లేదు. వెనకనుంచి మూలుగూ లేదు. ఇంకో గుంత. అదీ అంతే.

“అక్కా, ఎట్లున్నది?”

కాసేపటికి జవాబు వచ్చింది. “మంచిగున్నది తమ్మీ. ఊయలల పండుకున్నట్టున్నది.”

స్టీరింగు పట్టుకునే ఉన్నాడు కానీ, కళ్లలో నీళ్లు తిరిగి ఎదురుగా ఉన్న రిక్షా రెండుగా కనిపించింది. ఆ రోజు వర్క్‌షాపులో ఎవరు కనిపిస్తే వాళ్లకు చెప్పాడు. వెనక కమాను బుష్‌లు పెట్టేటప్పుడు బండి మీద బరువు పెట్టి బిగించాలని, తన అక్కకు ఇప్పుడు నొప్పే లేదని. ఇంటికి వచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

అట్లా పది రోజులు గడిచాయి. రోజూ అడిగేవాడు, “ఎట్లున్నదక్కా?” అని. రోజూ ఆమె, “మంచిగున్నది” అనేది.

పదో రోజు రాత్రి అన్నం వడ్డిస్తున్నప్పుడు లలితమ్మ ఎడమ చెయ్యి అతని కంటపడింది. ఆ చేతికి గాజులు లేవు. కుడి చేతికి డజను ఆకుపచ్చ గాజులు ఉన్నాయి, ఎడమ చెయ్యి బోసిగా ఉంది. ముత్తయిదువ చెయ్యి అట్లా ఉండటం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు.

“గాజులేమైనయే?”

“పగిలినయ్. బట్టలు ఉతుకుతుంటే.”

“అన్నీనా? ఇటు చూపియ్.”

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. అతను లేచి పట్టుకుని దీపం దగ్గరకు తిప్పాడు. మణికట్టు చుట్టూ గాజు ముక్కలు గీసుకుపోయిన గాట్లు, కొన్ని మానినవి, కొన్ని పచ్చివి. వాటి పైన, మోచేతి దాకా, నెలవంకల్లా గోళ్ల గుర్తులు. చర్మం కమిలి నల్లబడి ఉంది.

లలితమ్మ ఇక దాచలేకపోయింది.

“వదినె” అంది. “గుంత రాంగనే నా చెయ్యి పట్టుకుంటది. రోజూ రెండో మూడో గాజులు పగిలినయ్, ఇయ్యాల్టికి అన్నీ అయిపోయినయ్. తువ్వాల నోట్ల కుక్కుకుంటది, సప్పుడు బయటికి రాకుండ. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నది.”

“బండి గంత మంచిగ నడుస్తుంటే...”

“బండి మంచిగనే నడుస్తున్నదయ్యా. నొప్పి బండిది కాదు. మంచం మీద పక్కకు తిరిగినా గంతనే నొస్తది. నువ్వు రెండు రోజులు తిండి లేక దాని కింద పన్నవ్. ‘వాని ముఖం చూసినవా, మళ్ల మూలిగితే వాడు బతుకుతడా’ అన్నది వదినె.”

ఈశ్వరయ్య పళ్లెం పక్కకు జరిపాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు.

తెల్లవారాక అక్క మంచం దగ్గరికి పోయి నేల మీద కూర్చున్నాడు. ఏమని మొదలుపెట్టాలో తెలియక ఆమె పాదం మీద చెయ్యి వేశాడు.

“లలిత చెయ్యి చూసిన” అన్నాడు.

నాగమణమ్మ కళ్లు మూసుకుంది. “గా పిల్లకు మస్తు కష్టం పెట్టిన” అంది.

“నాకెందుకు చెప్పలేదక్కా?”

“ఏం చెప్పాలె? బండి కింది నుంచి ఎల్లొచ్చినప్పుడు నీ ముఖం ఎట్లుండెనో తెలుసా? చిన్నప్పుడు ఉస్తాద్ నీకు మొదటిసారి పానా ఇచ్చిన నాడు గట్లుండె.”

“నేను ఒక పిచ్చోణ్ని. బుష్‌లని ఒక రోజు కరెంటు గూడ తప్పించిన. గా సోమవారం పోయింటే ఏమన్న తేడా ఉండునేమో.”

ఆమె కళ్లు తెరిచింది. “సోమవారమా? తమ్మీ, నీతోని నిజం చెప్తున్న. గా సోమవారం నాకు పండుగ లెక్క ఉండె. ఎక్కుడు లేదు, దిగుడు లేదు, గుంతలు లేవు. ఎండల పండుకున్న. నువ్వు పొద్దుమూకేదాక నా కండ్ల ముంగట పనిచేసుకుంటున్నవ్.” ఊపిరి తీసుకోవడానికి ఆగింది. “నువ్వు పని నేర్చినవని, పెద్ద మెకానిక్‌వని అందరు చెప్తుంటే వినుడే. నేను పాలకు పోయేది, నువ్వు షెడ్డుకు పోయేది. నువ్వు పనిచేసేది నేను ఎన్నడు చూసిన? గా ఒక్క రోజే కండ్లార చూసిన.”

ఈశ్వరయ్య ఆమె పాదం మీద బొంత సర్దాడు.

“అయితే ఇయ్యాల పోవద్దా?” అని అడిగాడు.

“నువ్వు పోదామంటే పోదాం. నీ కోసమే వస్తున్న.”

ఆ రోజు అతను ఒక్కడే దవాఖానకు పోయాడు. వరండాలో రెండు గంటలు నిలబడితే డాక్టరమ్మ దొరికింది. పెద్దావిడ. కాగితాలు తిరగేసి, కుర్చీలో కూర్చోమంది. “ఈ కరెంటు జబ్బు తగ్గడానికి కాదయ్యా, నొప్పి తగ్గడానికి. కొందరికి పనిచేస్తుంది. మీ అక్కకు పట్టినట్టు కనిపించడం లేదు. తీసుకురావడమే ఆమెకు నరకమైతే, నేను బలవంతం చెయ్యను” అంది.

“ఒక సోమవారం తప్పించినమమ్మా. దానివల్ల...”

“దానివల్ల ఏమీ కాలేదు. ఆ మాట మనసులోంచి తీసెయ్యి.”

మాత్రలు రాసిచ్చింది. నొప్పి ఎక్కువైతే ఎన్ని వెయ్యాలో రెండు సార్లు చెప్పింది. ఎన్నాళ్లని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇంటికి వచ్చి, “ఇగ పోయేది లేదక్కా” అన్నాడు. నాగమణమ్మ అతని తల మీద చెయ్యి పెట్టి, కాసేపు తీయలేదు.

మిగిలిన సెలవులన్నీ ఒకేసారి పెట్టేశాడు. పొద్దున ఎండ రాగానే మంచాన్ని వాకిట్లోకి తెచ్చేవారు. కారులో చెయ్యాల్సిన పని ఏదీ లేదు. అయినా అతను రోజూ ఏదో ఒకటి విప్పేవాడు. ఒక రోజు కార్బురేటరు, ఒక రోజు బ్రేకులు, ఒక రోజు డైనమో. విప్పి, కడిగి, తుడిచి, మళ్లీ బిగించేవాడు. చేస్తున్నంతసేపూ అది ఏమిటో, ఎందుకుందో అక్కకు చెబుతుండేవాడు. ఆమె అడిగినన్నాళ్లు అడిగింది. తరవాత అడగడం తగ్గింది, వింటూ ఉండేది. మాత్రల మత్తులో కళ్లు మూతలు పడుతున్నా, పని ఆగితే మాత్రం తెరిచేది. “ఆపినవేంది?” అనేది.

సాయిలు ఒకసారి కొట్టం దగ్గర నిలబడి, “మంచిగున్న బండిని ఎందుకు విప్పుతున్నవ్ భాయ్?” అని అడిగాడు. ఈశ్వరయ్య మంచం వైపు చూశాడు. సాయిలు ఇంకెప్పుడూ అడగలేదు. ఆ రోజునుంచి పొద్దున్నే వచ్చి మంచానికి ఒక పక్క పట్టి, పాల చెంబు ఒకటి గడప మీద పెట్టి పోయేవాడు.

పదిహేడో రోజు సైలెన్సరు విప్పాడు. కారు దుంగల మీద ఉంది. అతను వెల్లకిలా కింద పడుకుని, తుప్పు పట్టిన పట్టీని లాగుతూ మాట్లాడుతున్నాడు.

“ఇది ఉన్నందుకే సప్పుడు రాదక్కా. లోపల చిన్న చిన్న గదులుంటయ్. పొగ గా గదులన్నీ తిరిగి తిరిగి అలిసిపోయి బయటికొస్తది. ఖాదర్ ఉస్తాద్ ఒకసారి ఇది లేకుండనే చార్‌కమాన్ దాక నడిపిండు, పోలీసోళ్లు పట్టుకున్నరు...”

ఆమె నవ్వలేదు. నిద్ర పట్టిందనుకున్నాడు. లేపడమెందుకని మాట ఆపి, చప్పుడు కాకుండా, నట్టును చేత్తోనే తిప్పుతూ పనిచేశాడు. అట్లా అరగంట గడిచింది. ఎండ కారు కిందికి జరిగి అతని మోకాళ్ల మీద పడింది.

లలితమ్మ జావ గిన్నెతో వచ్చింది. “వదినె” అని పిలిచింది. మళ్లీ పిలిచింది. గిన్నె నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. ఈశ్వరయ్య కారు కిందనుంచి లలితమ్మ పాదాలను మాత్రమే చూడగలిగాడు. అవి మంచం పక్కన కదలకుండా ఉన్నాయి.

“ఏమయ్యా,” అంది ఆమె మెల్లగా, “బయటికి రా.”

నాగమణమ్మ ముఖం కొట్టం వైపే తిరిగి ఉంది. చేతులు రెండూ బొంత మీద వదులుగా ఉన్నాయి. దేన్నీ పట్టుకుని లేవు.

సాయంత్రం పురానాపూల్ వైపు తీసుకుపోయారు. వర్క్‌షాపు మిత్రులు వచ్చారు, విశ్వేశ్వర్ వచ్చాడు, ఆమె పాలు పోసిన హోటళ్ల నుంచి ఇద్దరు ముసలివాళ్లు వచ్చారు. ఎవరి భుజం మీదా పెద్ద బరువు పడలేదు. ఈశ్వరయ్య ముందు నడిచాడు. చేతులకు మసి ఉందని, కడుక్కొమ్మని ఎవరో అన్నారు. కడుక్కున్నాడు కానీ గోళ్ల సందుల్లో మిగిలిపోయింది.

దినాలు అయ్యేదాకా కారు అట్లాగే దుంగల మీద, సైలెన్సరు లేకుండా ఉంది. పన్నెండో రోజు తెల్లవారాక అతను డ్యూటీకి పోవాల్సి ఉంది. అంతకు ముందు దాన్ని బిగించేద్దామని కారు కిందికి దూరాడు.

లోపల బియ్యం ఏరుతున్న లలితమ్మకు వాకిట్లోంచి మాటలు వినిపించాయి. పొద్దున్నే ఎవరో చుట్టాలు వచ్చారనుకుని, చెంబుతో నీళ్లు తీసుకుని బయటికి వచ్చింది. ఎవరూ లేరు. ఎండ పడిన వాకిలి ఖాళీగా ఉంది. కారు కిందనుంచి ఆమె మొగుడి కాళ్లు కనిపిస్తున్నాయి, గొంతు వినిపిస్తున్నది.

“...గీ పట్టీని ముందు వదులుగ పెట్టాలె. గొట్టం సరిగ్గ కూసున్నంక...”

అంతలో వినే మనిషి లేదని తానే గుర్తుపట్టినట్టు ఠక్కున ఆగిపోయాడు. పానా కిందపడింది. కాళ్లు ముడుచుకున్నాయి. లలితమ్మ చెంబును గడప మీద పెట్టి, ఆ పక్కనే కూర్చుంది. కారు కింద అతను ఏడుస్తున్నాడు. ఆమె ఆపలేదు, దగ్గరికీ పోలేదు. అది తగ్గేదాకా కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

“కూసున్నంక?” అని అడిగింది.

పానా కోసం నేల మీద తడుముతున్న చెయ్యి కనిపించింది.

“కూసున్నంక,” అన్నాడు ఈశ్వరయ్య, “మెల్లగ బిగించాలె.”